‘అప్పుడప్పుడు చూపిస్తాం’ అంటే చాలదు

శంషాబాద్: ఇక కలిసి బతకలేమని మొగుడూ పెళ్ళాం పెద్దమనుషుల ముందు కూర్చున్న రోజున లెక్కలు గట్టిగానే జరుగుతాయి. ఇచ్చిన కట్నం ఎంత, పెట్టిన బంగారం ఎన్ని తులాలు, మంచం, బీరువా ఎవరివి, మోటారు సైకిల్ ఎవరి పేరున వుంది, పెళ్ళి ఖర్చులో ఎవరి వాటా ఎంత అన్నది ఒక్కొక్కటే రాసుకుంటారు. స్టాంపు కాగితం రెండు వైపులా నిండుతుంది. చివరకు బిడ్డ సంగతి వచ్చేసరికి ఒక్క ముక్కతో సరిపెడతారు. బిడ్డ తల్లి దగ్గర వుంటుంది, తండ్రి అప్పుడప్పుడు వచ్చి చూసుకోవచ్చు అని.

గిన్నెలకు, బిందెలకు సైతం లెక్క రాసిన కాగితంలో బిడ్డకు దక్కింది ‘అప్పుడప్పుడు’ అన్న మాట. తర్వాత వచ్చే తగాదాలు చాలావరకు ఈ మాట దగ్గరే పుడుతున్నాయి. తండ్రి లెక్కలో అప్పుడప్పుడు అంటే వారం వారం. తల్లిగారింటి వాళ్ళ లెక్కలో పండుగకో పబ్బానికో. ఆయన చెప్పకుండా వస్తాడు, బిడ్డ పడుకుందంటారు. మళ్ళీ వస్తాడు, ట్యూషన్‌కు పోయిందంటారు. మూడోసారి ఇంటికి పోకుండా బడి గేటు దగ్గర బిస్కెట్ పొట్లం పట్టుకుని నిలబడతాడు. సంగతి తెలిసి మేనమామలు పరుగెత్తుకొస్తారు. నలుగురూ చూస్తుండగా జరిగే ఆ గొడవలో నలిగేది పుస్తకాల సంచి భుజాన వేసుకున్న పిల్ల.

అన్నిచోట్లా బిడ్డ తల్లి దగ్గరే వుంటుందనీ లేదు. కొడుకును మాత్రం ఇవ్వమని అత్తగారింటి వాళ్ళు పట్టుబట్టి వుంచుకుంటే, కన్నతల్లి వాకిట్లో నిలబడి బతిమాలుకోవలసిన పరిస్థితి కూడా వస్తోంది. తండ్రి కానీ తల్లి కానీ, బిడ్డకు దూరమైన మనిషి బాధ ఒక్కటే. అందుకు మందు కూడా ఒక్కటే. చూసే రోజు, గంట, చోటు ముందుగా రాసుకోవాలి. రాసుకున్నది కోర్టు చేత ఖాయం చేయించుకోవాలి.

పంచాయితీ కాగితానికి బలమెంత?

ఊళ్ళో పెద్దలు రాయించిన విడాకుల కాగితం చట్టం ముందు ఎంతవరకు నిలుస్తుందో చాలామందికి తెలియదు. హిందువులకు వర్తించే 1955 నాటి వివాహ చట్టం ప్రకారం విడాకులు ఇవ్వవలసింది కోర్టు. కులాచారంగా విడాకులు తరతరాలుగా నడుస్తున్న చోట ఆ ఆచారాన్ని చట్టం తోసిపుచ్చలేదు. కానీ అలాంటి ఆచారం వుందని రుజువు చేసుకోవలసిన భారం చెప్పుకున్నవారి మీదే వుంటుంది. నోటరీ ముద్ర పడినంత మాత్రాన స్టాంపు కాగితం కోర్టు తీర్పు అయిపోదు.

ఇద్దరికీ సమ్మతమైతే తగాదా లేకుండా విడిపోయే వీలు 1976లో ఆ చట్టంలో చేరింది. ఏడాది, ఆపైన విడిగా వుంటున్న దంపతులు ఇద్దరూ కలిసి కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ తర్వాత ఆరు నెలల గడువు వుంటుంది. తగిన పరిస్థితులుంటే ఆ గడువును కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీం కోర్టు చెప్పింది. బిడ్డ ఎవరి దగ్గర వుండాలి, రెండోవారు ఎప్పుడు చూడాలి అన్నది అదే దరఖాస్తులో రాసుకుంటే అది కోర్టు ఉత్తర్వులో భాగమవుతుంది. విడాకుల కేసు నడుస్తుండగా కానీ, తీర్పు వచ్చిన తర్వాత కానీ పిల్లల సంరక్షణ, పోషణ, చదువు గురించి ఉత్తర్వులు ఇచ్చే అధికారం 26వ సెక్షన్ కింద కోర్టుకు వుంది.

అంటే పెద్దమనుషుల పని వృథా అని కాదు. ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక మాట మీదికి తేగలిగేది చాలాసార్లు వారే. ఆ మాటను వివరంగా రాయించి కోర్టు దాకా తీసుకువెళితే వారి శ్రమకు విలువ వుంటుంది. లేకపోతే ఏడాది తిరక్కుండానే అదే తగాదా మళ్ళీ వారి అరుగు మీదికే వస్తుంది.

హక్కు మొదట బిడ్డది

పిల్లల సంరక్షణకు సంబంధించి అన్ని మతాల వారికీ వర్తించేది 1890 నాటి సంరక్షకుల చట్టం. హిందువులకు 1956లో మరో చట్టం వచ్చింది. అయిదేళ్ళు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే వుండాలని అది చెబుతోంది. తండ్రే మొదటి సంరక్షకుడన్న మాటను అడ్డం పెట్టుకుని తల్లిని పక్కకు నెట్టడానికి వీల్లేదని, ఆమె కూడా సహజ సంరక్షకురాలేనని 1999లో సుప్రీం కోర్టు తేల్చింది. హనఫీ సంప్రదాయం పాటించే ముస్లింలలో మగపిల్లవాడు ఏడేళ్ళ వరకు, ఆడపిల్ల యుక్తవయసు వచ్చే వరకు తల్లి దగ్గర వుండడం ధర్మం. ఎవరి ధర్మం ఏదైనా కోర్టు చివరకు చూసేది బిడ్డ క్షేమాన్ని. బిడ్డ కాస్త తెలిసిన వయసు వాడైతే వాడి ఇష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. జడ్జీ తన గదిలోకి పిలిచి బిడ్డతో విడిగా మాట్లాడడం కద్దు.

పిల్లలు తల్లిదండ్రుల ఆస్తి కాదు, ఆటవస్తువులూ కాదు అన్న అర్థంలో 1973లోనే సుప్రీం కోర్టు హెచ్చరించింది. 2020 జనవరిలో మరో కేసులో ఇంకొంచెం ముందుకు వెళ్ళింది. తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందడం బిడ్డ హక్కు అని చెప్పింది. బిడ్డను ఒకరికి అప్పగించేటప్పుడు రెండోవారు ఎప్పుడు, ఎలా చూడాలన్నది ఉత్తర్వులో స్పష్టంగా వుండాలంది. దూరాన వున్నవారు రోజూ అయిదు పది నిముషాలు ఫోనులో మాట్లాడుకునే వీలు, కుదిరితే మొహం చూసుకుంటూ మాట్లాడుకునే వీలు కల్పించాలని సూచించింది.

ఈ మాటల్లోని అసలు సంగతి గ్రహించాలి. చూడడమన్నది తండ్రికి తల్లి చేసే దయ కాదు, తల్లి మీద తండ్రి గెలుపూ కాదు. అది బిడ్డకు రావలసిన బాకీ.

ఆదివారం అందరికీ సెలవు కాదు

కోర్టుల్లో కానీ, పంచాయితీల్లో కానీ చూసే రోజు అనగానే ఆదివారం అని రాసేస్తారు. బడికి సెలవు కనుక అది సబబే. అయితే శంషాబాద్ చుట్టుపక్కల ఈ లెక్క అన్ని ఇళ్ళకూ కుదరదు.

2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం మొదలైంది. అయిదు వేల ఎకరాలకు పైగా నేల దాని కిందికి వెళ్ళింది. దుక్కులు, కోతల లెక్కన నడిచిన రోజులు చాలా ఇళ్ళలో డ్యూటీల లెక్కన నడవడం మొదలైంది. విమానాశ్రయానికి రాత్రి పగలు తేడా లేదు. సరుకు ఎత్తేవారు, ఊడ్చి తుడిచేవారు, కాపలా కాసేవారు, క్యాంటీన్లలో వండేవారు, ట్యాక్సీ నడిపేవారు షిఫ్టుల మీద పని చేస్తారు. వారి వారపు సెలవు ఈ నెల మంగళవారం పడితే వచ్చే నెల శుక్రవారం పడవచ్చు.

రాత్రి డ్యూటీ దిగి ఆదివారం పొద్దున ఇల్లు చేరిన తండ్రి పది గంటలకల్లా ఆరాంఘర్ అవతల వున్న బిడ్డ దగ్గరికి పోవాలని రాసి వుందనుకుందాం. మొదటి రెండు వారాలు పోతాడు. మూడో వారం కళ్ళు మూతపడతాయి. బిడ్డ కొత్త గౌను వేసుకుని గడపలో కూర్చుని వుంటుంది. మధ్యాహ్నానికి ఆమె అమ్మమ్మ, మీ నాయన ఇక రాడు, లేచి అన్నం తిను అంటుంది. అలాంటి ఆదివారాలు నాలుగు గడిస్తే నాయన అన్న మాట మీద బిడ్డకు నమ్మకం పోతుంది. కోర్టులో వకీలు చేసే వాదన కంటే ఇదే ఎక్కువ నష్టం.

అందువల్ల షిఫ్టుల మీద పనిచేసేవారు ఆ సంగతి దాచకుండా ముందే చెప్పుకోవాలి. నెల మొదట్లో డ్యూటీ పట్టిక వచ్చిన మర్నాడే ఆ నెలలో చూసే రోజులు రెండోవారికి తెలియజేయాలని, బడి వున్న రోజైతే సాయంత్రం ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకని రాసుకోవచ్చు. తల్లే డ్యూటీకి పోయేది అయితే ఆమె రాత్రి పనిలో వున్న రోజున బిడ్డ తండ్రి దగ్గర పడుకునేలా కూడా రాసుకోవచ్చు. అపరిచితుల దగ్గర వుంచడం కంటే అది మేలు.

రాసుకోవలసినవి ఇవి

మొదటిది, రోజు, గంట. ఏ రోజు, ఎన్ని గంటలకు తీసుకోవాలి, ఎన్ని గంటలకు అప్పగించాలి అన్నది అంకెల్లో వుండాలి. అరగంట ఆలస్యమైతే ఫోన్ చేయాలని, గంట దాటితే ఆ రోజుకు లేనట్టేనని కూడా రాసుకుంటే పేచీ వుండదు.

రెండోది, చోటు. అత్తగారి వాకిట్లో, మామగారి గుమ్మంలో అప్పగింతలు పెట్టుకుంటే పాత మాటలు లేస్తాయి. ఇద్దరికీ సమానమైన చోటు మంచిది. నర్కూడ దగ్గరి అమ్మపల్లి రామాలయం లాంటి గుడి కావచ్చు, నలుగురూ తిరిగే పార్కు కావచ్చు. చాలాకాలం ఎడబాటు వున్న కేసుల్లో కోర్టులు మొదట కోర్టు ఆవరణలోనే గంటో రెండు గంటలో చూపించమంటాయి. బిడ్డ అలవాటు పడ్డాక పగలంతా, ఆ తర్వాత రాత్రి బస, సెలవుల్లో సగం రోజులు అంటూ పెంచుకుంటూ పోతాయి. ఈ మెట్లు ఒక్కసారిగా దూకాలని చూడకూడదు.

మూడోది, తెచ్చేది ఎవరు, దింపేది ఎవరు. బస్సు ఛార్జీ, ఆటో ఛార్జీ ఎవరిది అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ పేచీలు వచ్చేది ఇక్కడే.

నాలుగోది, పండుగలు. దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, వేసవి సెలవులు ఎలా పంచుకోవాలి? బతుకమ్మ తల్లిగారింట్లో అయితే సంక్రాంతి తండ్రి ఇంట్లోనా? బోనాలకు ఎక్కడ? రంజాన్, బక్రీద్ ఎక్కడ? ఈ ఏడు ఒకరి దగ్గరైతే వచ్చే ఏడు మరొకరి దగ్గర అని రాసుకోవచ్చు. బిడ్డ పుట్టినరోజున ఇద్దరూ ఎలా కలవాలన్నది మరచిపోకూడదు.

అయిదోది, జ్వరం, పరీక్షలు. బిడ్డకు ఒంట్లో బాగాలేని రోజున చూసే రోజు తప్పిపోతే దాని బదులు ఏ రోజు అన్నది రాయాలి. బదులు రోజు లేకపోతే ప్రతి జ్వరం మీదా అనుమానమే వస్తుంది.

ఆరోది, తాత నాయనమ్మలు. ఇది కూడా మన తెలుగు ఇళ్ళ నుంచే సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. భర్త పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకున్న తల్లి దగ్గర నుంచి మనుమడిని తమకు ఇప్పించాలని తాత నాయనమ్మలు వేసిన కేసు అది. తల్లి నుంచి బిడ్డను వేరు చేయడానికి కింది కోర్టు ఒప్పుకోలేదు, కానీ వారు మనుమడిని చూసుకునేందుకు పరిమితంగా వీలు కల్పించింది. బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదేనని 2022లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. పెద్దవాళ్ళ ప్రేమకు చోటు వుంది, పెత్తనానికి లేదు అని దీని నుంచి గ్రహించవచ్చు.

మనోవర్తికీ, చూపుకూ ముడి వద్దు

డబ్బు పంపలేదు కనుక బిడ్డను చూపించం అంటారు ఒకరు. బిడ్డను చూపించలేదు కనుక డబ్బు పంపం అంటారు మరొకరు. రెండూ తప్పే. మనోవర్తి బిడ్డ తిండికి, చదువుకు. చూడడం బిడ్డ మనసుకు. ఒకదానికి మరొకటి తాకట్టు పెట్టే వస్తువులు కావివి. మనోవర్తి రాకపోతే వసూలుకు వేరే దారి వుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షన్‌గా అందరికీ తెలిసిన ఆ దారి 2024 జులై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. బిడ్డను చూపించకపోతే ఉత్తర్వు ఇచ్చిన కోర్టులోనే అమలు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఎవరికి వారు ఒక నోటు పుస్తకం పెట్టుకోవడం మేలు. ఏ తేదీన చూశారు, ఏ తేదీన చూపలేదు, కారణం ఏం చెప్పారు అన్నది రాసుకుంటే రేపు జడ్జీ ముందు మాటకు బలం వుంటుంది. అంతేగాని కోపంలో బడి గేటు దగ్గర నుంచి బిడ్డను బండి ఎక్కించుకుపోతే, అంతవరకు న్యాయం తమ వైపు వున్నా అది ఎదురు తిరుగుతుంది.

భయం వున్న చోట

ప్రతి కేసులోనూ బిడ్డను పంపి తీరాలని కాదు. తాగి కొట్టే మనిషి, బిడ్డకు హాని చేస్తాడన్న భయం వున్న మనిషి విషయంలో చట్టం జాగ్రత్త చూపింది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం 21వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు బిడ్డను తాత్కాలికంగా తల్లికి అప్పగించవచ్చు. ఎదుటివారు చూడడం వల్ల బిడ్డకు కీడు జరిగేలా వుంటే ఆ చూపును నిరాకరించవచ్చు కూడా. అయితే ఆ భయాన్ని కోర్టుకు చెప్పుకోవాలి. ఎవరికి వారు తలుపు వేసుకుని కూర్చుంటే రేపు తప్పు తమ మీదికే వస్తుంది. నిజంగా భయం లేని చోట పంతం కోసం అలాంటి ఆరోపణ చేస్తే దెబ్బ తగిలేది బిడ్డకే.

విమానం ఎక్కే ముందు

ఈ ప్రాంతం వారికి రోజూ నెత్తి మీద విమానాలు కనబడుతుంటాయి. గల్ఫ్‌కు పోయినవారు, అమెరికాకు పోయినవారు ఇప్పుడు పల్లెల్లోనూ వున్నారు. బిడ్డను విమానం ఎక్కించి తీసుకుపోతే ఇక్కడి పంచాయితీ అక్కడి కోర్టుకు, అక్కడి తగాదా ఇక్కడి కోర్టుకు చేరుతుంది.

అమెరికాలో స్థిరపడిన ఒక తెలుగు జంట విషయంలో జరిగిందిదే. 2017 మార్చిలో తల్లి ఇద్దరు పిల్లలతో హైదరాబాదు వచ్చింది. ఏప్రిల్‌లో పిల్లల సంరక్షణ కోసం ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో కేసు వేసింది. పిల్లలు మామూలుగా నివసించే చోటు అమెరికా కనుక ఈ కేసు వినే అధికారం ఇక్కడి కోర్టుకు లేదని అప్పటి ఉమ్మడి హైకోర్టు 2018లో తీర్పు చెప్పింది. 2019 మార్చిలో సుప్రీం కోర్టు దానినే ఖాయం చేసి పిల్లలతో తిరిగి వెళ్ళవలసిందిగా ఆదేశించింది. బిడ్డ మామూలుగా ఎక్కడ వుంటుందో అక్కడి కోర్టే వినాలన్నది 1890 నాటి చట్టంలోని నియమం. దేశాల మధ్యే కాదు, జిల్లాల మధ్య కూడా ఇదే వర్తిస్తుంది. శంషాబాద్‌లో పెరుగుతున్న బిడ్డ కేసు రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో వేయాలి. మహబూబ్‌నగర్‌లో పెరుగుతున్న బిడ్డ కేసు అక్కడ వేయాలి.

ఒక దేశం నుంచి మరో దేశానికి తరలించిన పిల్లలను వెనక్కి పంపేందుకు 1980లో హేగ్ నగరంలో కుదిరిన ఒప్పందం ఒకటుంది. అందులో భారతదేశం చేరలేదు. అందువల్ల ఇలాంటి ప్రతి కేసూ విడివిడిగా కోర్టుల్లో తేలవలసిందే. ఆ లోగా బిడ్డకు ఏళ్ళు గడిచిపోతాయి. బిడ్డను దేశం దాటించే ముందు రెండోవారి రాతపూర్వకమైన సమ్మతి కానీ, కోర్టు అనుమతి కానీ వుండాలన్న షరతును మొదటి కాగితంలోనే చేర్చుకోవడం మంచిది. పిల్లల పాస్‌పోర్టుకు మామూలుగా తల్లిదండ్రులిద్దరి సంతకాలు అడుగుతారు. ఒక్కరే దరఖాస్తు పెడితే రెండోవారి సమ్మతి ఎందుకు లేదో వివరిస్తూ డిక్లరేషన్ ఇవ్వాలి. కోర్టులో కేసు వుంటే ఆ సంగతి దాచకూడదు.

ఎక్కడికి పోవాలి?

రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్.బి.నగర్‌లో వున్నాయి. ఫ్యామిలీ కోర్టుల కోసం 1984లో చేసిన చట్టం ప్రకారం మొదట రాజీకి ప్రయత్నించడం ఆ కోర్టు విధి. అందుకు కౌన్సిలర్లు వుంటారు. వకీలుకు ఫీజు ఇచ్చుకోలేమని వెనుదీయనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవారికి, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. తక్కువ ఆదాయం వున్న మగవారికీ, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికీ ఈ సాయం దొరుకుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగవచ్చు, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఇద్దరూ ఒక మాట మీదికి వస్తే లోక్ అదాలత్‌లో పరిష్కరించుకోవచ్చు. అక్కడ కోర్టు ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీకి వున్న విలువే వుంటుంది.

బిడ్డ విషయంలో ఇచ్చిన ఏ ఉత్తర్వూ ఎప్పటికీ మారనిది కాదు. మూడేళ్ళ పిల్లకు సరిపోయిన ఏర్పాటు పదేళ్ళ పిల్లకు సరిపోదు. తల్లి ఊరు మారవచ్చు, తండ్రి డ్యూటీ మారవచ్చు. పరిస్థితి మారినప్పుడు అదే కోర్టుకు వెళ్ళి మార్చుకోవచ్చు.

చట్టం చేయలేని పని ఒకటి మాత్రం ఇంట్లోనే చేసుకోవాలి. తండ్రి దగ్గర నుంచి వచ్చిన బిడ్డను, ఆ ఇంట్లో ఎవరెవరున్నారు, నా గురించి ఏమన్నారు అని ఆరా తీయకూడదు. డబ్బు ఎప్పుడు పంపుతాడో అడిగి రా అని బిడ్డ చేత కబురు పంపకూడదు. తల్లి మీద కోపాన్ని బిడ్డ ముందు వెళ్ళగక్కకూడదు. మొగుడూ పెళ్ళాం విడిపోవచ్చు. ఆ బిడ్డకు మాత్రం ఆ ఇద్దరూ చివరిదాకా అమ్మా నాయనలే.

వచ్చేది ఏ రోజో తెలిసిన బిడ్డ ఆ రోజు దాకా నిశ్చింతగా ఆడుకుంటుంది. తెలియని బిడ్డ రోజూ వీధి వైపు చూస్తుంటుంది. పెద్దమనుషులు ఈసారి కాగితం రాయించేటప్పుడు బంగారం లెక్కకు ముందు బిడ్డ లెక్క రాయిస్తే ఊళ్ళో సగం తగాదాలు తగ్గుతాయి.